పెద్ద రొట్టె ఎన్నిక

1864 అక్టోబరు 3, సోమవారం

నా కొడుకు ఎన్నికల్లో నిలబడుతున్నాడు! మా ఆంబ్రోస్! మా ఊరు యారంబూల్ నుంచి మెల్బోర్న్ శాసనసభకి! రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు. సిరా ఎక్కడ పడితే అక్కడ చిందుతోంది, చిందనీ. పొద్దున రొట్టెకి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. గోడల నిండా కాగితాలు అంటించారు కాబట్టి అందరికీ ముందే తెలుసు, అయినా చెప్పాను. మంగలి ఫ్లిన్‌కైతే గడ్డం గీయించుకుంటూ రెండుసార్లు చెప్పాను. "ఎనోక్, ఇంకోసారి చెప్పావంటే సగం గడ్డంతో ఇంటికి పంపిస్తా" అన్నాడు.

ఇంగ్లండులో, లాంకషైర్‌లో మా నాన్నకి ఓటు లేదు. అక్కడున్నంత కాలం నాకూ లేదు. ఇక్కడ, ఈ కాలనీలో, రొట్టెలు కాల్చేవాడికి ఓటుంది, వాడి కొడుక్కి ఏకంగా సభలో కుర్చీ! దేవుడా, నీ లోకం ఎంత చక్కగా తిరుగుతోందయ్యా!

నామినేషన్ రోజున బజారు చౌకులో చెక్క వేదిక కడతారు. ఒకరు పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. తాతల నాటి ఇంగ్లండు పద్ధతి, మనతో పాటే ఓడెక్కి వచ్చింది. ఆ ఇద్దరూ అభ్యర్థికి చెరో పక్కన ఊరంతా చూస్తుండగా నిలబడతారు. ప్రతిపాదించేది ఏ పెద్దమనిషైనా కానీ, నాకేం. బలపరిచేది మాత్రం నేనే. ఇంకెవరు? కోటు బయటికి తీయమని మా ఆవిడ టాబిథాతో చెప్పాను.

చిన్న చిక్కు ఒకటుంది. వాడు సుంకాల పక్షం. బయటి నుంచి వచ్చే ఇనుముకీ బూట్లకీ ధాన్యానికీ సుంకం కట్టించి ఇక్కడి పనివాళ్ళని బతికించాలంటాడు. నేను పుట్టి పెరిగింది సుంకాలే వద్దనే స్వేచ్ఛా వ్యాపారం మనుషుల్లో. అయితే ఏమైంది. కొడుకు కొడుకే.

అక్టోబరు 4

కోటు భుజాల దగ్గర బిగుతైంది. టాబిథా కుట్లు విప్పి మళ్ళీ కుడుతోంది.

అక్టోబరు 7, శుక్రవారం

ఆంబ్రోస్ భోజనానికి వచ్చాడు. గొర్రె మాంసం, బంగాళాదుంపలు. వాడు తింటుంటే చూడ్డమే ఒక పండగ.

"నాన్నా, నా పేరు పెంగెలీ గారు ప్రతిపాదిస్తారు" అన్నాడు.

పెంగెలీ ఇనుము పోత పోసే ఫౌండ్రీ యజమాని. ఆంబ్రోస్ చిన్నతనంలోనే ఆయన దగ్గర అచ్చులు పోసే పనికి చేరాడు, ఇప్పుడు మేస్త్రీ. సభ్యులకి జీతం ఉండదు, గెలిస్తే మెల్బోర్న్‌లో వీడి బస, తిండి అన్నీ ఆయనవే.

"చాలా మంచిది! మరి బలపరచడం?"

వాడు దుంప మీది తొక్క ఒలుస్తూ కూర్చున్నాడు. తొక్కతో తినడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

"నది ఒడ్డు పిండి మిల్లు యజమాని హగ్గెట్ గారిని అడిగారు నాన్నా. పెంగెలీ గారే అడిగారు. నువ్వు అవతలి పక్షం మనిషివని ఊరంతా తెలుసు. నిన్ను పక్కన పెట్టుకుంటే నవ్వుతారు."

"నవ్వరా మరి! నవ్వుతారు. నేనైనా నవ్వుతాను" అన్నాను, నవ్వాను కూడా.

వాడు వెళ్ళాక టాబిథా కోటు మడిచి పెట్టెలో పెట్టబోయింది. "ఉండనీ, చలిగా ఉంది" అన్నాను.

"పొయ్యి పక్కన కూర్చుని చలేమిటయ్యా నీకు?" అంది.

నాకు చాలా సంతోషంగా ఉంది. హగ్గెట్ మంచివాడే.

అక్టోబరు 9, ఆదివారం

ప్రార్థనకి ఆంబ్రోస్ మాతో రాలేదు, పెంగెలీ గారి బండిలో వచ్చాడు. ఆయన బెంచీలోనే కూర్చున్నాడు. వెనక నుంచి వాడి తల చూస్తూ ఉన్నాను. పాపిడి మార్చాడు. ఎప్పుడూ కుడి వైపు తీసేవాడు, ఇప్పుడు ఎడమకి. పెంగెలీ పాపిడి ఎడమకే.

పెంగెలీకి కీర్తన పాడటం రాదు. అరుస్తాడు.

అక్టోబరు 12, బుధవారం

హాల్లో మీటింగు. నిలబడటానికి కూడా చోటు లేదు. నా కొడుకు మాట్లాడాడు! గనుల్లో బంగారం అడుగంటుతోంది, గనివాడు రేపు ఏ పని చేసుకుని బతకాలి, ఇంగ్లండు ఇనుము ఓడల్లో దిగుతుంటే ఇక్కడి కొలిమి ఎలా మండాలి అని అడిగాడు. పక్కన ఓ గనివాడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆంబ్రోస్ చెప్పేది నాకు సమ్మతం కాదు, అయినా నా అరచేతులు ఇప్పటికీ మండుతున్నాయి, అంతలా చప్పట్లు కొట్టాను.

చివర్లో పెంగెలీ వైపు తిరిగి, "రాజకీయాల్లో ఈయనే నాకు తండ్రి" అన్నాడు.

దానికీ చప్పట్లు కొట్టాను. ముందు కొట్టింది నేనే అనుకుంటాను.

"మరి నువ్వు వాడికి దేంట్లో తండ్రివి ఎనోక్?" అన్నాడు ఫ్లిన్, అందరికీ వినపడేలా.

"రొట్టెల్లో!" అన్నాను. బెంచీలన్నీ నవ్వాయి. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

అక్టోబరు 13

రొట్టెలు మాడాయి. పొయ్యి పాతదైపోయింది.

అక్టోబరు 15, శనివారం

డెన్‌హమ్ గారు కొట్టుకి వచ్చారు. ఆంబ్రోస్ మీద పోటీ చేస్తున్నది ఆయనే. ఓడ సరుకు తెప్పించే వర్తకుడు, స్వేచ్ఛా వ్యాపారం అభ్యర్థి. మర్యాదస్తుడు, టోపీ తీసి మాట్లాడతాడు.

"థ్రెల్‌ఫాల్ గారూ, అడగకూడదు గానీ అడుగుతున్నాను. నామినేషన్ నాడు మావాళ్ళు పెద్ద రొట్టె, చిన్న రొట్టె కర్రలకి కట్టి మోస్తారు. మీరు కుర్రతనంలో ఇంగ్లండులో మోశారట కదా. ఎలా ఉండాలో తెలిసినవాళ్ళు ఇక్కడ మీరొక్కరే."

మోశాను. ఎలా మరిచిపోతాను! దొరలు పరదేశం ధాన్యం మీద సుంకం వేసి, రొట్టెని బంగారం చేసి కూర్చున్న రోజులు. మా అమ్మ రొట్టెని దారంతో కోసేది, కత్తితో కోస్తే పొడి రాలిపోతుందని. ఆ సుంకం పోవాలని ఊరేగినప్పుడు పెద్ద రొట్టె కర్ర నా చేతిలో ఉంది. సుంకం లేకపోతే ఇంత రొట్టె, ఉంటే ఇంతే రొట్టె. చదువు రానివాడికీ తెలిసిపోయేది. ఆ రొట్టె వాసనకి ఏడుపొచ్చింది నాకు.

ఒప్పుకున్నాను.

లోపలి నుంచి టాబిథా వచ్చింది. "కొడుక్కి ఎదురు రొట్టె మోస్తావా?"

"మోయనే, కాల్చి ఇస్తానంతే. వ్యాపారం."

"వ్యాపారమట! డబ్బులొద్దన్నావుగా ఆయనతో, విన్నాను. నీ కడుపులో మండేది పొయ్యిలో పెడుతున్నావు, అంతే."

ఆడవాళ్ళకి రాజకీయాలు తెలియవు.

ఆంబ్రోస్ పోరు పడలేక ఏడాదిగా నది మిల్లు పిండే వాడుతున్నాను. కానీ అంత పెద్ద రొట్టె ఆ పిండితో నిలవదు, నడుం జారిపోతుంది. అడిలైడ్ పిండే కావాలి. వాడు సుంకం వేద్దామనే పొరుగు కాలనీ పిండి అది. డెన్‌హమ్ ఒక బస్తా పంపిస్తానన్నాడు.

అక్టోబరు 17, సోమవారం

ఎంత రొట్టె! పొయ్యి నోట్లోంచి బయటికి రావడానికి మొరాయించింది. పసిబిడ్డని తీసినట్టు తీశాను. పొయ్యిలో పెట్టే ముందే మీద నది మిల్లు పిండి చల్లి, ఎప్పుడూ వేసే మూడు గాట్లు వేశాను. చిన్నది పిడికిలంత. ఇంత మంచి రొట్టె నా జన్మలో కాల్చలేదు.

పెంగెలీ ఇలాంటిది ఒక్కటి చేయగలడా? ఊరికే అడుగుతున్నాను.

అక్టోబరు 18, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టను!

చౌకు నిండిపోయింది. గనుల వాళ్ళు, ఫౌండ్రీ వాళ్ళు, పల్లెల నుంచి బండ్ల మీద వచ్చినవాళ్ళు. ఇంగ్లండులో లాగే విసరడానికి జేబుల నిండా గుడ్లు, పిండి పొట్లాలు. వేదిక మీద ఒక వైపు డెన్‌హమ్, ఒక వైపు ఆంబ్రోస్. ఆంబ్రోస్‌కి కుడి పక్కన పెంగెలీ, ఎడమ పక్కన హగ్గెట్. పెంగెలీ వాడి భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. తీస్తాడేమోనని చూశాను, తీయలేదు. అంతసేపు చెయ్యి వేసి ఉంచాల్సిన పనేముంది?

అప్పుడు పెద్ద రొట్టె వచ్చింది. జనం "హో!" అన్నారు. "సుంకం లేని రొట్టె ఇదీ! ఆంబ్రోస్ గారి రొట్టె ఇదీ!" అంటూ చిన్నదాన్ని ఊపారు. నవ్వులే నవ్వులు. ఆంబ్రోస్ మొహం పాలిపోయింది. పెంగెలీ చెయ్యి భుజం మీంచి దిగింది, అది చూశాను. నాలో ఏదో గంతులు వేసింది. ఏమిటో చెప్పలేను.

ఆంబ్రోస్ కళ్ళు రొట్టె మీద ఆగాయి. ఆ మూడు గాట్లు వాడికి తెలియవా! పాలపళ్ళతో కొరుక్కుతిన్న రొట్టె.

"ఆగండి!" అన్నాడు. చెయ్యెత్తి రొట్టె వైపు చూపించాడు. "ఆ రొట్టె కాల్చింది ఎవరో తెలుసా? మా నాన్న! పరదేశం సరుకు లేకపోతే రొట్టె చిన్నదైపోతుందని డెన్‌హమ్ గారు అంటున్నారు. మా నాన్న ఏడాదిగా మన నది మిల్లు పిండి తప్ప వాడటం లేదు. ఆ రొట్టె మన గోధుమ, మన మిల్లు, మన మనిషి చెయ్యి! ఇంత పెద్ద రొట్టె ఏ ఓడలో దిగింది? నాన్నా, పైకి రా! నువ్వే చెప్పు!"

జనం విడిపోయి దారిచ్చారు. ఎవరెవరో నన్ను ఎత్తినంత పని చేశారు. మెట్ల దగ్గర పెంగెలీ వంగి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకోలేదు, కొయ్య పట్టుకుని ఎక్కాను. ఆయన పక్కకి జరిగాడు. జరగక ఏం చేస్తాడు! నా కొడుకు పక్కన నేను నిలబడ్డాను. పైనుంచి చూస్తే టోపీలన్నీ ఒక్క సముద్రంలా ఉన్నాయి.

"చెప్పు నాన్నా, పిండి ఎక్కడిది?"

వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. ఎన్నేళ్ళయింది వాడు అలా చూసి.

"మన మిల్లుదే" అన్నాను.

చౌకు దద్దరిల్లిపోయింది! డెన్‌హమ్ ముందుకొచ్చి, "థ్రెల్‌ఫాల్ గారూ, ఆ బస్తా నేను పంపలేదా? అడిలైడ్ పిండి కాదా అది?" అన్నాడు. ఎవరు వింటారు! "అబద్ధాలకోరు!" అన్నారు. "మా ఊరి రొట్టె కూడా దిగుమతేనట!" అన్నారు. ఆంబ్రోస్ కూడా అన్నాడు, "డెన్‌హమ్ గారు అబద్ధం ఆడుతున్నారు" అని, నోరారా. పిండి పొట్లం ఒకటి వచ్చి డెన్‌హమ్ చెవి దగ్గర పగిలింది. ఆయన తుడుచుకోలేదు, నా వైపే చూస్తూ ఉన్నాడు.

చేతులెత్తమంటే ఆంబ్రోస్‌కి అడవిలా లేచాయి చేతులు. చేతుల లెక్క ఒప్పుకోక డెన్‌హమ్ పోలింగ్ కోరాడు. పద్ధతి ప్రకారం కోరవచ్చు. వచ్చే సోమవారం పోలింగ్.

దిగేటప్పుడు ఆంబ్రోస్ నా చెయ్యి పట్టుకున్నాడు. నా చెయ్యి!

అక్టోబరు 19

నేనన్నది అబద్ధం కాదు. పైన చల్లిన పిండి మన మిల్లుదే.

చాలా సంతోషంగా ఉన్నాను. నిద్ర పట్టకపోవడం సంతోషం వల్లే.

అక్టోబరు 20, గురువారం

సాయంత్రం టీకి ఆంబ్రోస్ ఒక్కడే వచ్చాడు. పెంగెలీ లేకుండా! తిన్నగా వెనక గదిలోకే వచ్చి, పొయ్యి దగ్గర చిన్నప్పుడు కూర్చునే చోట కూర్చున్నాడు. ఆ చోట ఇప్పుడు పిండి బస్తా ఉంది, దాని మీదే కూర్చున్నాడు.

మాట్లాడుతూ మాట్లాడుతూ కిందికి చూశాడు. అడిలైడ్ మిల్లు ముద్ర నల్లగా, అరచెయ్యంత. బస్తా సగానికి దిగిపోయి ఉంది.

వాడు లేచాడు. నేను పీట తుడవడం మొదలుపెట్టాను. తుడిచిన పీటే.

"నాన్నా."

"టీ పొయ్యమంటావా?"

"నేనాయన్ని అబద్ధాలకోరు అన్నాను. ఊరందరి ముందు."

"రాజకీయాల్లో అంటూ ఉంటార్రా."

"నిన్నెందుకు పిలిచానో తెలుసా? నువ్వు అవతలి పక్షం కాబట్టి. నాకోసం కూడా అబద్ధం ఆడవు కాబట్టి." టోపీ అందుకుని అన్నాడు, "పెంగెలీ గారైతే ఆడేవారు కాదు."

పీట మీద గుడ్డ వదిలేశాను.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాను.

"ఏం చెయ్యాలో పెంగెలీ గారినే అడుగుతాను. రేపు సాయంత్రం బెండిగో నుంచి వస్తారు."

వెళ్ళిపోయాడు. టీ అలాగే ఉంది.

పెంగెలీ గారినే అడుగుతాడట. నేను చేసిందానికి ఏం చెయ్యాలో ఆయన్ని!

అక్టోబరు 21, శుక్రవారం

ఆయన చెప్పేదాకా ఆగదలచుకోలేదు. ఆయన చెబితే వాడు చేసిన మంచి కూడా ఆయన ఖాతాలోకే పోతుంది.

సాయంత్రం చౌకులో డెన్‌హమ్ మీటింగు ఉంది. కోటు తొడుక్కున్నాను. టాబిథా ఎక్కడికని అడగలేదు, కాలరు మాత్రం సరిచేసింది. డెన్‌హమ్ బండి మీద నిలబడి మాట్లాడుతున్నాడు, వినేవాళ్ళు తక్కువ, ఈలలు వేసేవాళ్ళు ఎక్కువ. చక్రం మీద కాలు పెట్టి ఎక్కాను.

"ఆ రొట్టె అడిలైడ్ పిండిది! డెన్‌హమ్ గారిదే బస్తా. ఆయన నిజం చెప్పాడు, నేను అబద్ధం ఆడాను. నా కొడుక్కి తెలియదు."

వెంటనే మొదటి పిండి పొట్లం నా నుదుటి మీద పగిలింది.

"పిండివాడికి పిండితోనే తలంటు!" ఫ్లిన్ గొంతే అది. గుడ్లు కూడా వచ్చాయి. సుంకాల పక్షం వాళ్ళు ద్రోహి అన్నారు, స్వేచ్ఛా వ్యాపారం వాళ్ళూ ద్రోహి అన్నారు. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. దిగిపోవచ్చు, కానీ దిగాలనిపించలేదు.

బండి ఊగింది, ఎవరో ఎక్కారు. కళ్ళు తెరిస్తే ఆంబ్రోస్!

"జరుగు నాన్నా, ఇద్దరికీ చోటు చాలడం లేదు" అన్నాడు.

"పోరా! నీ మీద కూడా పడతాయి!"

"పడనీ."

డెన్‌హమ్ ముందు టోపీ తీసి, "అయ్యా, మిమ్మల్ని అనరాని మాట అన్నాను, క్షమించండి" అని చెయ్యి చాపాడు. డెన్‌హమ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడే ఒక గుడ్డు వచ్చి వాడి కొత్త పాపిడి మీద పగిలి చెవి వైపు జారింది. నేను నవ్వాపుకోలేకపోయాను. వాడూ నవ్వాడు. తెల్లటి మొహాలతో ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని బండి మీద నవ్వుతుంటే, కొట్టేవాళ్ళకి కొట్టాలనిపించక ఆగిపోయారు.

చౌకు మూల పెంగెలీ బండి ఆగి ఉంది. బెండిగో నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, నల్ల కోటు మీద ఒక్క మరక లేదు. కిందికి దిగాడు, రెండడుగులు వేశాడు, ఆగిపోయాడు. ఆయన మొహం చూశాను. అలాంటి మొహం నేనెరుగుదును. ఈ నెలంతా నా అద్దంలో ఉన్నది అదే.

ఎంత ఆనందమో! ఇంత ఆనందం పాపమేమో కూడా!

అక్టోబరు 25, మంగళవారం

ఓడిపోయాం.

అక్టోబరు 30, ఆదివారం

ఆంబ్రోస్ ఫౌండ్రీ పనికి మళ్ళీ వెళుతున్నాడు. తర్వాతి ఎన్నికకీ నిలబడతాడట, మళ్ళీ సుంకాల పక్షానే. "నిలబడు, పెద్ద రొట్టె మళ్ళీ కాలుస్తాను" అన్నాను. "ఈసారి పిండెక్కడిదో ముందే చెప్పు" అన్నాడు.

ప్రార్థన అయ్యాక పెంగెలీ గారు మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి. టాబిథా కంగారుగా కుర్చీ తుడిచింది. కేకు పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఓట్లు పోయినందుకు నన్ను తిట్టడానికి వచ్చాడనుకుని నేను కూడా మాటలు సిద్ధం చేసుకున్నాను.

"థ్రెల్‌ఫాల్ గారూ, ఆ రోజు నేనూ బండి ఎక్కాల్సింది" అన్నాడు. "కాలు కదల్లేదు. మీ ఇద్దరి మధ్య నాకేం పని అనిపించింది."

"కోటు పాడయ్యేది లెండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నాకు పిల్లలు లేరు. తెలుసు కదా మీకు." చాలా నెమ్మదిగా అడిగాడు. "మావాడు... అదే, ఆంబ్రోస్, చిన్నప్పుడు ఎలా ఉండేవాడండీ?"

మావాడు అన్నాడు. విన్నాను. కానీ ఆ మనిషి మొహం చూస్తే పోట్లాడబుద్ధి కాలేదు.

చెప్పాను. ఓడలో వాంతులతో నా చొక్కాలన్నీ పాడుచేయడం, నావికుల దగ్గర నేర్చుకున్న బూతు మాట పాదిరి గారి ముందు అనడం, ఉరుమంటే భయపడి పిండి తొట్టిలో దాక్కుని తెల్లగా లేచి రావడం, అన్నీ చెప్పాను. టాబిథా మధ్యలో సరిదిద్దుతూనే ఉంది. పెంగెలీ కేకు మరిచిపోయి, చిన్నపిల్లాడిలా నోరు కాస్త తెరుచుకుని విన్నాడు. "ఇంకా?" అన్నాడు. ఇంకా చెప్పాను. చెబుతుంటే నాకే కొత్తగా ఉంది, ఇంత ఆస్తి నా దగ్గర ఉందా అని!

"ఇంకా?" అన్నాడు మళ్ళీ, వెళ్ళడానికి లేచి కూడా.

ఒకటుంది. టాబిథాకి కూడా తెలియదు. నాకూ వాడికీ మధ్యది.

"అంతేనండీ" అన్నాను.

ఆయనకి చెప్పలేదు. ఇక్కడా రాయను.